పడవ నేలకు వేసిన ప్లైవుడ్‌ను దేనితో కాపాడాలి? రంగు, రెజిన్, ఎపాక్సీ, నూనె: ఏది ఎవరికి

ప్లైవుడ్ నేల రెండో వానాకాలానికే కాలి కింద మెత్తబడితే అందరూ ముందు తిట్టేది రంగునే. చాలాసార్లు తప్పు రంగుది కాదు. పైముఖానికి మూడు పూతలు వేసి, కోసిన అంచునూ మర దిగిన తూటునూ కింది ముఖాన్నీ వదిలేస్తే, ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా ఫలితం అదే. కాబట్టి ఏ పూత కొనాలని అడిగే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మీ పడవలో నీరు ఎక్కడ నిలుస్తుంది? ఆ పలకను ఏడాదికి ఒక్కసారైనా విప్పి ఆరబెట్టగలరా? ఇవి తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

నేల అంటే ఇక్కడ మనం కాళ్లు పెట్టే పలక. దాని కింద పడవ అడుగు, రెండింటి మధ్య ఒక సందు. వాన నీరైనా వల నుంచి కారిన నీరైనా చివరికి చేరేది ఆ సందులోకే. ఎండ తగిలే పైముఖం చూస్తుండగానే ఆరిపోతుంది. కింది ముఖం మాత్రం వారాల తరబడి చెమ్మగానే ఉంటుంది. పుచ్చు మొదలయ్యేది అక్కడే, అదీ మన కంటికి కనబడకుండా.

చెక్కకు పట్టేది ఒక్క జబ్బు కాదు

నేల పాడైందంటే మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది. అంచులు నీరు తాగి ఉబ్బి ఉంటాయి, లేదా జిగురు వీగిపోయి పొరలు విడిపోయి ఉంటాయి, లేదా చెక్కే పుచ్చిపోయి ఉంటుంది. మొదటిది పూత లేని అంచుల వల్ల, రెండోది ప్లై నాణ్యత వల్ల. మూడోది శిలీంధ్రం పని. దానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతానికి లోపే ఉంటే అది పెరగలేదు. 28–30 శాతానికి చేరితే ఇక దానికి అడ్డు లేదు. నీళ్లలో పూర్తిగా మునిగిన మొద్దు ఏళ్ల తరబడి గట్టిగానే ఉండటం, సగం తడిసి సగం ఆరే గుంజ సరిగ్గా నీటిమట్టం దగ్గర పుచ్చిపోవడం చెరువు గట్టున ఎవరైనా చూడగలిగేదే. పడవ నేల ఆ గుంజ లాంటిదే. ఎప్పుడూ పూర్తిగా మునగదు, ఎప్పుడూ పూర్తిగా ఆరదు.

కాకినాడ, విశాఖ తీరాల నుంచి వచ్చే సలహాలను వరంగల్‌లో ఉన్నవి ఉన్నట్టు పాటించకూడదు. ఉప్పునీరు చెక్కలో శిలీంధ్రాన్ని కొంత అణచిపెడుతుంది. అక్కడి వాళ్ల తలనొప్పి చెక్కను తొలిచే సముద్రపు పురుగులు. పాకాల, లక్నవరం, రామప్ప, దిగువ మానేరు, కడెం, శ్రీరాంసాగర్ ఎక్కడైనా మనది మంచినీరే. దానికి తోడు నేల మీద నిలిచే వాన నీరు, పుచ్చుకు అన్నింటికన్నా అనువైనది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వాన ఏటా పడదు. కానీ బోర్లించకుండా వెల్లకిలా వదిలేసిన పడవ నిండటానికి నాలుగు రోజుల మామూలు ముసురు చాలు.

తీరంలో పెద్దగా పట్టించుకోని మరో శత్రువు మనకు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో చెరువు అడుగంటి పడవ గట్టెక్కినప్పుడు, నేరుగా మట్టి మీద పెడితే చెదలు పడతాయి. ఈ రెండు నెలలకూ ఏ పూతా అక్కర్లేదు. పడవ కింద నాలుగు బండరాళ్లు పెట్టి, వారానికోసారి కింద మట్టి గీతలు పాకాయేమో చూస్తే సరిపోతుంది.

పూత కన్నా ముందు ప్లై

హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్ ఎక్కడ ప్లై దుకాణానికి వెళ్లినా మూడు రకాలు చూపిస్తారు. ఎం.ఆర్. (తేమకు మాత్రమే ఆగే రకం) అంటే కమర్షియల్ ప్లై. అది గదిలో బీరువాకు పనికొస్తుంది గానీ పడవకు పనికిరాదు. దాని జిగురు నీటికి నిలవదు, మీద ఏది పూసినా దండగే. బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటికి ఆగే జిగురుది) వంటింటి పనికీ, విప్పి తీసే చిన్న పలకలకూ సరిపోయే రకం. మూడోది ఐ.ఎస్. 710 ప్రమాణం ఉన్న మెరైన్ ప్లై. ఫినాలిక్ జిగురుతో అతికిన ఈ రకం ముక్కను 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదన్నది దానికి పెట్టిన పరీక్ష. మెరైన్ అన్న మాట ముఖ్యంగా జిగురుకూ లోపలి పొరల్లో ఖాళీలు లేకపోవడానికీ హామీ. నీటిలో పడేస్తే ఏమీ కాదన్న భరోసా మాత్రం కాదు. మెరైన్ ప్లై కూడా అంచుల నుంచి నీరు తాగుతుంది.

షీటు మీద ‘710’ అని అచ్చు వేయడం ఎవరికైనా సులువే. ఐ.ఎస్.ఐ. ముద్ర కింద ఉండే లైసెన్సు సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఇంకా అనుమానం ఉంటే కోతలో మిగిలిన ముక్కను ఇంట్లోనే మూడు నాలుగు గంటలు మరిగించండి. అది పుస్తకంలా విచ్చుకుంటే దుకాణదారుతో మాట్లాడాల్సిన మాటలు వేరే ఉంటాయి.

పడవ అల్యూమినియంది అయితే ఒక జాగ్రత్త. రాగి లవణాలతో శుద్ధి చేసిన ప్లై తడిగా అల్యూమినియాన్ని తాకుతూ ఉంటే లోహాన్ని తినేస్తుంది. అలాంటి పడవకు ప్లై కొనేటప్పుడు ఏ మందుతో శుద్ధి చేశారో అడగాలి. లోహానికీ చెక్కకూ మధ్య రబ్బరు పట్టీ కూడా వేయాలి.

దేన్ని బట్టి పోల్చాలి

దుకాణంలో ఏ డబ్బా ఎత్తినా ‘వాటర్‌ప్రూఫే సార్’ అంటారు. ఆ మాట పక్కన పెట్టి నాలుగు సంగతులు చూడాలి. ఒకటి, నీటి ఆవిరిని ఎంత ఆపుతుంది. నీటి చుక్కను ఆపే పూతలు చాలా ఉన్నాయి, ఆవిరిని బాగా ఆపేవి తక్కువ. రెండు, చెక్కను ఎంత గట్టిగా పట్టుకుంటుంది. మూడు, మన ఎండకు ఎంతకాలం తాళుతుంది. నాలుగు, గీత పడితే బాగుచేయడం ఎవరి వల్ల అవుతుంది, మీ వల్లా, మిస్త్రీ వల్లా? చాలామంది ఈ నాలుగోదాన్ని వదిలేస్తారు. పడవ నేల మీద లంగరు పడుతుంది, ఇంజను డబ్బా ఈడుస్తారు, చెప్పుల కింద ఇసుక నలుగుతుంది. గీత పడని నేల ఉండదు.

| పూత | ఆవిరిని ఆపడం | చెక్కకు పట్టు | ఎండకు | బాగుచేయడం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ప్రైమర్, ఎనామెల్ | తక్కువ | బాగుంటుంది | ఫరవాలేదు | చాలా సులువు | తక్కువ |
| మెరైన్ వార్నిష్ | తక్కువ–మధ్యస్థం | బాగుంటుంది | ఏటా పూత కావాలి | సులువు | మధ్యస్థం |
| పాలిస్టర్ రెజిన్, మ్యాట్ | మధ్యస్థం | బలహీనం | ఫరవాలేదు | మిస్త్రీ కావాలి | మధ్యస్థం |
| ఎపాక్సీ మూడు పూతలు | చాలా ఎక్కువ | చాలా గట్టి | పైన రంగు తప్పనిసరి | ఓపిక కావాలి | ఎక్కువ |
| అవిసె నూనె | చాలా తక్కువ | లోపలికి ఇంకుతుంది | త్వరగా పోతుంది | సులువు | తక్కువ |
| తారు | ఎక్కువ | బాగుంటుంది | మెత్తబడుతుంది | సులువు | తక్కువ |

ఎనామెల్ రంగు

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువ. నేను చూడను. చెక్క ప్రైమర్ ఒక పూత, ఎనామెల్ రెండు మూడు పూతలు, అంచులకు అదనంగా మరో రెండు: విప్పి తీయగలిగే నేలకు ఇది న్యాయమైన ఎంపిక. ఆవిరిని పెద్దగా ఆపదు. కానీ చెక్కలో తేమ చేరితే పొక్కులు లేచి వెంటనే చెప్పేస్తుంది. గీకి, ఉప్పుకాగితం పట్టి, మళ్లీ పూస్తే పని అయిపోతుంది. ఒక పొరపాటు మాత్రం ఊరూరా కనిపిస్తుంది: ఇనుప గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్‌ను చెక్కకు వేయడం. అది లోహానికి చేసిన ప్రైమర్. చెక్కకు చెక్క ప్రైమరే వేయాలి.

వార్నిష్, పీయూ

చెక్క అందం కనబడాలనుకునే వాళ్లకే వార్నిష్. మెరైన్ వార్నిష్‌లో ఎండను కాచుకునే మందు ఉంటుంది, మామూలు ఫర్నిచర్ వార్నిష్‌లో ఉండదు. ఏదైనా సరే నేల మీద ఏటా పూయాల్సిందే, పైగా తడిస్తే కాలు జారుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) పూత గట్టిది, అరుగుదలకు బాగా ఆగుతుంది. కానీ దాని సరైన చోటు ఎపాక్సీ పైన. వట్టి చెక్క మీద వేసి అద్భుతాలు ఆశించకూడదు.

పాలిస్టర్ రెజిన్, ఫైబర్ మ్యాట్

ఫైబర్ పడవలు, నీళ్ల ట్యాంకులు, బొమ్మలు చేసే చోట దొరికేది ఇదే. ఆ మిస్త్రీలు ప్లై మీద కూడా ఇదే చుట్టేస్తామంటారు. ఫైబర్ పడవల్లో కంపెనీ నేలలు కూడా చాలావరకు ఇలా చేసినవే కాబట్టి దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఎండిన ప్లైకి ఆరు వైపులా మ్యాటుతో (గాజు నారల పరుపుతో) సహా వేసి, ఆ తర్వాత ఎక్కడా తూటు పెట్టకుండా ఉంటే కొన్నేళ్లు బాగానే ఉంటుంది.

చిక్కు ఏమిటంటే పాలిస్టర్ చెక్కను గట్టిగా పట్టుకోదు. చెక్క ఉబ్బి తగ్గుతూ ఉంటే పెంకు విడిగా లేస్తుంది. ఒక్క పగులు చాలు. నీరు లోపలికి వెళ్తుంది, బయటికి రాదు. అప్పటి నుంచి ఆ పెంకు చెక్కను కాపాడదు, తడిని కాపాడుతుంది. పైకి నున్నగా మెరుస్తూ, లోపల చేత్తో చిదిమితే పొడి రాలే చెక్క ఉన్న పడవలు చాలావరకు ఇలాంటివే. గుండ్రటి చెక్క పిడితో తట్టి చూస్తే బాగున్న చోట టంగుమంటుంది, పుచ్చిన చోట మొద్దుగా పలుకుతుంది.

సొంతంగా చేసేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. రెజిన్‌తో వచ్చే కోబాల్ట్ ద్రావణాన్నీ, గట్టిపరిచే పెరాక్సైడ్‌నూ ఎన్నడూ నేరుగా కలపకూడదు. మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. కోబాల్ట్ ముందుగా రెజిన్‌లో పూర్తిగా కలిశాకే, సాధారణంగా 1–2 శాతం మోతాదులో పెరాక్సైడ్ వేయాలి.

ఎపాక్సీ

విప్పడానికి వీలులేని నేలకు నా ఓటు దీనికే. అందుబాటులో ఉన్న పూతల్లో నీటి ఆవిరిని ఇంతగా ఆపేది, చెక్కను ఇంతగా పట్టుకునేది మరొకటి లేదు. అయితే పనివాడి తప్పును ఇది క్షమించదు, మన ఎండాకాలంలో అసలు క్షమించదు.

లెక్క ముందు. 8×4 అడుగుల షీటు రెండు ముఖాలూ కలిపి దాదాపు 6 చదరపు మీటర్లు. మూడు పూతలకు, అంచులు, వృథా కలుపుకొని రెండు నుంచి రెండున్నర కిలోలు పడుతుంది. మీద 200 గ్రాముల గాజు గుడ్డ పరిస్తే ఇంకొంచెం. గుడ్డ అన్నాను, మ్యాట్ అనలేదు. పాలిస్టర్ కోసం చేసే మ్యాటులో నారలను పట్టి ఉంచే బంక పాలిస్టర్ రెజిన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో సరిగా కరగదు. ఎపాక్సీకి నేసిన గుడ్డే వాడాలి.

రెజిన్, హార్డ్‌నర్ (దాన్ని గట్టిపరిచే ద్రావణం) పాళ్లు డబ్బా మీద రాసినట్టే, తూకం వేసి కలపాలి. త్వరగా గట్టిపడాలని హార్డ్‌నర్ ఎక్కువ పోసే అలవాటు పాలిస్టర్ పని నుంచి వచ్చింది. ఎపాక్సీలో అలా చేస్తే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట ఆగే మిశ్రమం, వరంగల్ మే నెల మధ్యాహ్నం లోతైన డబ్బాలో ఉంటే నిమిషాల్లో పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పోసుకుని వాడాలి.

పని చేసే వేళ కూడా ముఖ్యమే. ఉదయం పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బయటికి వస్తుంది, పూత నిండా బుడగలు. పొద్దు వాలాక పూస్తే చెక్క చల్లబడుతూ, లోపలి గాలి సంకోచిస్తూ పూతను లోపలికి లాక్కుంటుంది. పగలు ఎండలో పెట్టిన షీటును నీడకు చేర్చి, సాయంత్రం మొదటి పూత వేయడం మన ప్రాంతానికి సరిగ్గా సరిపోయే పద్ధతి.

గట్టిపడ్డాక పైన మైనంలా జిడ్డు తేలవచ్చు. గోరువెచ్చని నీళ్లతో, గరుకు పీచుతో కడిగి, ఆరాక ఉప్పుకాగితం పట్టి, అప్పుడే తర్వాతి పూత. కడగకుండా ముందే కాగితం పడితే జిడ్డు మరింత రుద్దుకుంటుంది. చివరగా ఎండ నుంచి కాపాడే రంగు తప్పనిసరి. వట్టి ఎపాక్సీ ఎండకు పసుపు తిరిగి, సున్నంలా పొడి రాలుతుంది.

పాత ఫైబర్ పని ఉన్న పడవకు ఒక మాట: గట్టిపడిన పాలిస్టర్ మీద గరుకు చేసి ఎపాక్సీ వేస్తే అంటుకుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ వేస్తే నమ్మకం లేదు. ఒకసారి ఎపాక్సీకి మారాక వెనక్కి వెళ్లకండి.

నూనె, తారు, వెలిగారం

అవిసె నూనె చెక్కకు మంచిదే గానీ పుచ్చు నుంచి కాపాడేంత శక్తి దానికి లేదు, మన తేమలో బూజు కూడా పడుతుంది. పైగా నూనె తాగిన చెక్క మీద తర్వాత ఎపాక్సీ అంటుకోదు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

తారు పుట్టిలకు (గుండ్రటి బుట్ట పడవలకు) పనికొస్తుంది, ఎందుకంటే తారు ఊడిపోయినప్పుడల్లా మళ్లీ పూస్తారు. కాళ్లు పెట్టే నేలకు, 44 డిగ్రీల ఎండలో, అది చెప్పులకూ వలలకూ అంటుకునే వ్యవహారం. కింది ముఖానికి మాత్రం చౌకగా పని జరుగుతుంది. దాని మీద ఎనామెల్ వేస్తే నలుపు పైకి ఊరుతుందని ముందే తెలుసుకోండి.

వెలిగారం (బోరాక్స్) సంగతి వేరు. అది పూత కాదు, మందు. మూడు పాళ్ల వెలిగారానికి రెండు పాళ్ల బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి వట్టి చెక్కకు, ముఖ్యంగా అంచులకు పట్టిస్తే శిలీంధ్రాన్నీ చెదలనూ ఆపుతుంది. నీటికి కొట్టుకుపోతుంది కాబట్టి పైన పూత ఉండాల్సిందే. పూతకు ముందు చెక్క పూర్తిగా ఆరాలి, పైన తేలిన తెల్లటి పొడిని తడిగుడ్డతో తుడిచేయాలి. ఇంత తక్కువ ఖర్చులో ఇంత మేలు చేసేది మరొకటి నాకు తెలియదు. పిల్లలకు అందనివ్వకండి, చేపలు కోసే పలకకు వాడకండి.

ఎవరికి ఏది

రోజూ వేటకు వెళ్లే మత్స్యకారుడికి, విడి పలకలు పరిచిన చిన్న పడవ అయితే, బి.డబ్ల్యు.ఆర్. లేదా మెరైన్ ప్లైకి వెలిగారం పట్టించి, పైన ఎనామెల్. అంచులకు మాత్రం కిలో ఎపాక్సీ ప్యాకు కొనండి. ఆ ఒక్క కిలో మిగతా డబ్బాలన్నింటి కన్నా ఎక్కువ పని చేస్తుంది. పలకలను మరలతో బిగించకుండా తిప్పుడు గడియలతో పట్టి ఉంచితే చెరువు ఎండినప్పుడు విప్పి నీడలో నిలబెట్టవచ్చు. వేసవిలో ఆరబెట్టిన ఎనామెల్ నేల, ఎన్నడూ విప్పని ఎపాక్సీ నేలను దాటిపోవడం అసాధ్యమేమీ కాదు.

మత్స్య సహకార సంఘం నాలుగైదు పడవలు ఒకేసారి చేయిస్తుంటే లెక్క మారుతుంది. ఎపాక్సీ పెద్ద డబ్బాల్లో చౌకగా పడుతుంది, ఒకే మిస్త్రీ చేయి అలవాటు పడుతుంది. అప్పుడు ఎపాక్సీకే వెళ్లండి.

పర్యాటకులను తిప్పే పడవకు రాజీ వద్దు. మెరైన్ ప్లై, ఎపాక్సీ, గాజు గుడ్డ, పైన పీయూ, చివరి పూత తడిగా ఉండగా జల్లెడ పట్టిన సన్న ఇసుక చల్లి జారకుండా చేయడం. తివాచీ మాత్రం పరచకండి. చూడ్డానికి బాగుంటుంది, కింద నీరు ఎప్పటికీ ఆరదు. ఇంజను పడవలకు అంతర్గత జలరవాణా నౌకల చట్టం, 2021 కింద తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి కాబట్టి నేల మార్పు గురించి తనిఖీ అధికారికి ముందే చెప్పడం మేలు.

పాత ఫైబర్ పడవలో నేల పుచ్చిన వాళ్లది అన్నింటికన్నా కష్టమైన పని. నేల కోసి తీశాక కింద అడ్డ పట్టీలను మొనదేలిన పనిముట్టుతో గుచ్చి చూడండి. సులువుగా దిగితే అవీ పోయినట్టే, పుచ్చిన పట్టీల మీద కొత్త నేల వేయడం డబ్బు నీళ్లలో పోయడమే. నేల కింద ఫోమ్ నింపి ఉంటే అది నీరు తాగిందేమో ఒక ముక్క కోసి పిండి చూడాలి. మెత్తబడిన చోట పైపైన ఎపాక్సీ పోసి ‘గట్టిపరచడం’ గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. బాగున్న చెక్క వచ్చేదాకా కోసేయడమే దారి.

విసుగెత్తి ప్లైనే వద్దనుకుంటే అల్యూమినియం గళ్ల షీటు ఉంది. పుచ్చదు, కానీ మధ్యాహ్నం ఒట్టికాళ్లతో నిలబడలేం. డబ్ల్యు.పి.సి. (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు బరువెక్కువ, ఆధారాలు దూరంగా ఉంటే వంగుతాయి.

ఏది ఎంచుకున్నా వదలకూడనివి

పూతకు ముందు షీటు ఎండిందో లేదో తూకం చెబుతుంది. రోజూ ఒకే వేళకు తూచి, బరువు తగ్గడం ఆగిందాకా ఆగండి. తడి చెక్కకు పూసిన మంచి పూత, నీటిని లోపలే బంధిస్తుంది. కోతలన్నీ, తూటులన్నీ పూతకు ముందే పూర్తి కావాలి. మర తూటును కావలసినదానికన్నా పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ సన్నగా తొలిస్తే మర చెక్కను తాకనే తాకదు. మరలు స్టెయిన్‌లెస్‌వే వాడండి. కింది ముఖానికి పైముఖం కన్నా ఒక పూత ఎక్కువ వేయండి, తక్కువ కాదు. అడ్డ పట్టీల అడుగున నీరు వెనక్కి జారడానికి గాడులు వదిలి, ఆ గాడుల కోసిన ముఖాలకు కూడా పూత పట్టించండి. వెనుక మూల నుంచి నీళ్లు తోడేయడానికి చెయ్యి, చెంబు పట్టేంత మూత పెట్టించండి. నేల బిగించాక ఆ మూత పెట్టడం చాలా కష్టం.